పన్నెండో నంబరు

"నవ్వకు. నవ్వితే జడ్జిలా ఉండవు, పెళ్ళిళ్ళలో వడ్డించేదానిలా ఉంటావు" అన్నాడు ఎవరార్దో, ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకుని.

ఎవరార్దో నా భర్త. నేను అప్పుడే ఏప్రన్ విప్పేసి వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఇంట్లో క్యాలెండరూ మరియమ్మ పటమూ లేని గోడ అదొక్కటే. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి. నవ్వు ఆపుకున్నాను. ఎన్నికల కరపత్రం మీద వేసుకోవడానికి ఒక్క ఫోటో చాలు నాకు. మూడు తీశాడు. మూడింటిలోనూ బీన్స్ అడుగంటుతున్నాయేమోనని పక్కకు చూస్తున్నదాని మొహమే వచ్చింది. "ఇదే బాగుందిలే, ఎవరు చూస్తారు గనక" అన్నాడు. అడుగంటిన వాసన అప్పటికే మొదలైంది. "అదిగో, ఇంకా జడ్జివి కాకముందే మాకు మాడు కూడు" అంది మా అత్తగారు దోన్యా చోలే, బల్ల దగ్గర కూర్చుని ఎండుమిర్చి తొడిమలు తీస్తూ. ఆవిడ మాట్లాడేటప్పుడు నా వైపు చూడదు. మిరపకాయలకు చెబుతుంది.

మా ఊరు పోత్రేరోలోని కుటుంబ, బాలల కోర్టులో ఇరవై ఒక్క ఏళ్ళుగా పని చేస్తున్నాను. లా చదివాను, పేరుకు సెక్రటరీని. ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో నలుగురు జడ్జీలు వచ్చారు, వెళ్ళారు. వాదనలు నేనే విన్నాను, సాక్ష్యాలు నేనే రాసుకున్నాను, తీర్పు మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేనే రాశాను. వాళ్ళు సంతకం పెట్టారు. ఎవరి బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో, ఏ పదిహేనేళ్ళ పిల్లను శిక్షాగృహానికి పంపాలో, ఏ పిల్లను ఇంటికి పంపాలో అన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. నా పేరు మాత్రం కాగితం అడుగున, చీమంత అక్షరాల్లో, 'ఎదుట సరిచూసినది' అన్న మాట పక్కన ఉండేది. ఆఖరి జడ్జి ఉర్కీది గారు రిటైరైన రోజు వీడ్కోలు సభలో భార్యకు, దేవుడికి, తన గురువుకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. చివర్లో నన్ను చూసి, "మన నొయేమీ పెట్టే కాఫీ లేకపోతే ఈ కోర్టు ఏమైపోయేదో" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు.

నన్ను తినేసేది ఆ కాఫీ మాట కాదు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి, పేరు చెప్పకూడదు. తండ్రి దగ్గరికి తిరిగి పంపవద్దని ఏడుస్తూ చెప్పింది. పద్నాలుగు పేజీల తీర్పు రాసి ఉర్కీది గారి ముందు పెట్టాను, పిన్నమ్మ దగ్గర ఉంచమని. ఆయనకు ఆ రోజు మనవడి జ్ఞానస్నానం, మధ్యాహ్నం విందు ఉంది. "ఇంత చదివే తీరిక ఎక్కడుందమ్మా? తండ్రి తండ్రే కదా. రెండు పేజీల్లో రాసి పట్రా" అన్నారు. రాశాను. నా చేతులతోనే, చక్కని భాషలో, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాను. ఏడు నెలల తర్వాత ఆ పిల్ల విరిగిన చేతికి కట్టుతో మళ్ళీ వచ్చింది. నన్ను గుర్తుపట్టి నమస్కారం కూడా చెప్పింది. రాజధాని మెక్సికో నగరంలో చట్టం మార్చి, ఇకమీదట జడ్జీలను జనమే ఓటేసి ఎన్నుకుంటారని చెప్పినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ నమస్కారమే.

ఎన్నికలో నిలబడుతున్నానని చెబితే ఎవరార్దో టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "నీకెవరు వేస్తారు ఓటు?" అన్నాడు. కోపం కాదు. బయట వాన వస్తుందా అని అడిగినంత మామూలుగా అడిగాడు. అతను మున్సిపాలిటీ నీళ్ళ ఆఫీసులో పనిచేస్తాడు. విభాగం పెద్ద పదవి ఖాళీ అవుతోందని రెండేళ్ళుగా ఆశ. "ఓడిపోతే రేపు ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అది కాస్త ఆలోచించు" అన్నాడు. గెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నా మీద పోటీకి దిగినవాడు ఫాబియాన్. ఆరేళ్ళ క్రితం కాలేజీ నుంచి మా కోర్టుకు పని నేర్చుకోవడానికి వచ్చాడు. దరఖాస్తుకూ ఫిర్యాదుకూ తేడా నేర్పింది నేనే. పిల్లలతో మాట్లాడేటప్పుడు బల్ల వెనక కూర్చోకూడదని చెప్పిందీ నేనే. వాడి మామగారు ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. పోటీలో వాడు ఏడో నంబరు, నేను పన్నెండు. బ్యాలెట్ మీద గుర్తులు ఉండవు, పేర్లూ నంబర్లే. మనకు కావలసిన నంబరు గడిలో రాయాలి.

మే నెల ఎండలో, కోర్టు మూడింటికి వదిలాక, సంచీలో కరపత్రాలు వేసుకుని వీధి వీధీ తిరిగాను. ఆరింటికల్లా ఇంటికి చేరి పిండి కలిపి రొట్టెలు కాల్చాలి. తిరగడానికి దొరికేది ఆ మూడు గంటలే. తలుపు తీసినవాళ్ళు కరపత్రం చూసి, నన్ను చూసి, అందరూ ఒకటే అడిగారు. "నువ్వు ఊరంతా తిరుగుతుంటే ఇంట్లో వాళ్ళకి అన్నం ఎవరు పెడుతున్నారమ్మా?" ఫాబియాన్‌ను ఈ మాట ఎవరూ అడగలేదు. వాడు పక్క వీధిలో తిరుగుతుంటే వాడి భార్య నెలల బిడ్డను చంకనేసుకుని వెనకే నడిచేది. జనం ఆ బిడ్డను ముద్దు చేసి, "ఎంత మంచి తండ్రో" అనేవారు.

సంతలో గోర్దీతాలు అమ్మే ఒకావిడ మాత్రం పెనం మీది మందపాటి రొట్టెను తిప్పడం మానేసి నన్నే చూసింది. "నువ్వు కోర్టులో టైపు కొట్టే లాయరమ్మవి కదూ? ఆ రోజు నాకు కుర్చీ వేశావు. మంచినీళ్ళు ఇచ్చావు. ఆ జడ్జి తల కూడా ఎత్తలేదు."

"నేనే."

"మరి ఇన్నేళ్ళూ నువ్వే జడ్జివి కాకుండా ఏం చేస్తున్నావే తల్లీ?"

నవ్వాను. ఆవిడ మాంసం కూరిన రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. పక్క సందులో నిలబడి తిన్నాను. ఆ నెలలో నా కోసం మరొకరు వండిన తిండి అదొక్కటే.

ఎన్నిక ఇంకో నాలుగు రోజులుందనగా ఎవరార్దో మారిపోయాడు. భోంచేశాక లేచి గిన్నెలు కడిగాడు. మొదటి రోజు నమ్మలేకపోయాను. రెండో రోజు, "కూర్చో, అలిసిపోయి వచ్చావు" అన్నాడు. మూడో రోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పందొమ్మిదేళ్ళ కాపురంలో నాలుగు పూటలు గిన్నెలు కడిగితే చాలు, ఆడదాని మనసు కరిగి కాళ్ళ దగ్గర మడుగు కడుతుంది. మా ధర ఎంత చవకో మాకే తెలియదు. అతని వీపు చూస్తూ, అన్యాయంగా అనుకున్నానేమో ఈ మనిషిని అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం పొద్దున ప్రైమరీ స్కూల్లో పోలింగు. వరస పెద్దగా లేదు, చర్చికి వచ్చేంత జనం కూడా రాలేదు. ఎవరార్దో ముందే వెళ్ళి తన ఆఫీసువాళ్ళతో చెట్టు కింద నిలబడి మాట్లాడుతున్నాడు. నేను అత్తగారి చెయ్యి పట్టుకుని వరసలో నిలుచున్నాను. ఆవిడ జాకెట్టు లోపలి నుంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే. వాడిచ్చాడు, అమ్మా ఈ నంబరే రాయి, తప్పు రాయకు అని. నీ నంబరేలే. అయినా ఓసారి చదివి చెప్పు, బుర్రలో పెట్టుకుంటాను."

విప్పాను. అచ్చు వేసిన చీటీ. రకరకాల పదవులు, ఎదురుగా నంబర్లు. కుటుంబ, బాలల కోర్టు అన్న చోట ఏడు ఉంది. తల ఎత్తి చెట్టు వైపు చూశాను. నీళ్ళ ఆఫీసువాళ్ళు అందరి చేతుల్లోనూ అవే చీటీలు, అదే మడత. ఎవరార్దో నన్ను చూసి చెయ్యి ఊపాడు. గిన్నెలు ఎందుకు కడిగాడో అప్పుడు అర్థమైంది.

"చదవవేం? ఎంత?"

పన్నెండు అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆవిడకు కనబడదు, ఎవరూ వినరు, పైగా న్యాయం కూడా నా వైపే ఉంది. ఉర్కీది గారి రెండు పేజీలు గుర్తొచ్చాయి. ఉన్నది ఒకటి, రాసింది ఒకటి.

"ఏడు, అత్తయ్యా."

"ఏడేనా నీది?"

"కాదు. నాది పన్నెండు. ఇందులో ఏడు అని ఉంది."

ఆవిడ చెట్టు కిందున్న కొడుకు వైపు తిరిగి చూసింది. చీటీ తీసుకుని, మళ్ళీ జాకెట్టులో దోపుకుని, నా చెయ్యి వదిలించుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చాక మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఏడే రాశాను. వాడు నా కొడుకు, వాడికి పెద్ద పదవి రావాలి కదా. నువ్వు పన్నెండని చదివుంటే పన్నెండే రాసేదాన్ని కదే పిచ్చిదానా! నా తప్పు కాకుండా పోయేది. ఇంత తెలివితక్కువదానివి, జడ్జివేం అవుతావు నువ్వు?"

సాయంత్రం స్కూలు గోడ మీద లెక్క అంటించారు. ఆ బూత్‌లో నాకు పద్దెనిమిది ఓట్లు. ఊరు మొత్తం మీద చూసినా ఫాబియాన్ నాకు అందనంత దూరంలో ఉన్నాడు. ఇంటికి వచ్చాక ఎవరార్దోను ఒక్కటే అడిగాను, ఎందుకని.

"ఆఫీసులో అందరికీ ఇచ్చారు. నేనొక్కణ్ణే తీసుకోనంటే ఊరుకుంటారా? ఎలాగూ నువ్వు గెలిచేదానివి కాదు. ఒక్క ఇంట్లో ఇద్దరం ఎందుకు నష్టపోవాలి? మన కోసమే చేశాను."

"నువ్వు దేనికి వేశావు?"

"ఓటు రహస్యం నొయేమీ. అడగకూడదు. లా చదివినదానివి, నీకు నేను చెప్పాలా?" అని నవ్వాడు. సింకులో మధ్యాహ్నం గిన్నెలు అలాగే ఉన్నాయి.

అరవలేదు. ఆ రాత్రి ఏడవలేదు కూడా. వేలమంది ఆడవాళ్ళ గొడవలు విన్నదాన్ని, ఏ మాట దగ్గర కేసు ముగిసిపోతుందో నాకు తెలుసు. సాధారణంగా అది కొట్టిన దెబ్బ కాదు. ఇలా నవ్వుతూ అన్న మాటే అవుతుంది. మరుసటి వారం మా చెల్లెలి ఇంట్లో వెనక గది ఖాళీ చేయించుకున్నాను.

సెప్టెంబరులో ఫాబియాన్ జడ్జిగా వచ్చాడు. కొత్త సూటు, కొత్త కుర్చీ. నన్ను లోపలికి పిలిచి, లేచి నిలబడి మరీ మాట్లాడాడు.

"మేడం, మనసులో ఏమీ పెట్టుకోకండి. మీరు లేకపోతే ఈ కోర్టే లేదు. ఉర్కీది గారి టైంలో ఎలా జరిగిందో అలాగే జరుపుకుందాం. మీరు రాసి పెట్టండి, నేను సంతకం చేసేస్తాను." బల్ల మీది ఫైళ్ళ దొంతరను నా వైపు తోశాడు.

దొంతర పక్కన పెట్టి, నేను తెచ్చిన ఫైలు అతని ముందు ఉంచాను. పలచటి ఫైలు, నాలుగే కాగితాలు. మా రాష్ట్రంలో విడాకులకు కారణం చెప్పనక్కర్లేదు, వద్దనుకుంటే చాలు. అతను తొలిరోజే ఏళ్ళ అలవాటు ఉన్నవాడిలా నేరుగా ఆఖరి పేజీ తిప్పి, పెన్ను మూత తీసి, సంతకం చోటు వెతికాడు. అక్కడ తీర్పూ లేదు, జడ్జి సంతకానికి చోటూ లేదు. అప్పుడు మొదటి పేజీకి వచ్చి పేర్లు చదివాడు. ఎవరార్దో పేరు, నా పేరు.

"మేడం... ఇది మీది కదా?"

"అవును జడ్జిగారూ. నా కేసు నేను ముట్టుకోకూడదు. ఈ తీర్పు మీరే రాయాలి."