పిలుపుల నడక

హెప్సిబా ఏలూరు కాలేజీలో వ్యాయామశాస్త్రం ప్రొఫెసరు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు నడక ఎంత మేలు చేస్తుందన్నదే ఆమె పరిశోధన. ఆయాసమున్న మనిషిని మంచమెక్కించకండి, మెల్లగా నడిపించండి అని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది గానీ వినే నాథుడు లేడు.

గుండుగొలను నుంచి మంగతాయారు వచ్చింది అలాంటప్పుడే. ఇంటికి గ్యాసు ఈమధ్యనే వచ్చింది. అంతవరకూ ఊక పొయ్యి పొగ మింగిన మనిషి. ఛాతీ డాక్టరు పీల్చే మందిచ్చి, నడక కోసం హెప్సిబా దగ్గరికి పంపాడు.

“వేసవిలో మా మనవరాలు పద్మప్రియ పెళ్లమ్మా. ఊళ్లో ఎవరింట పెళ్లయినా బొట్టు పెట్టి పిలిచేది నేనే. ఇప్పుడేమో మా అబ్బాయి గోపీనాథ్ నన్ను కుర్చీలో కూర్చోమని, పిలుపులకి కోడల్ని పంపుతానంటున్నాడు. సొంత మనవరాలి పెళ్లికి పిలవలేకపోతే ఇంకెందుకమ్మా నా బతుకు?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

“పిలుపులకి మీరే వెళ్తారమ్మా,” అంది హెప్సిబా. రోజూ సాయంత్రం కాలవగట్టు దాకా నడవాలనీ, ఆయాసమొస్తే కాసేపు నిలబడి మళ్లీ సాగాలనీ చెప్పింది.

నెల తిరిగినా గుణం కనబడలేదు. అనుమానమొచ్చి హెప్సిబా ఒకనాడు ఆ ఊరు వెళ్లి ఆవిడ వెనకే నడిచింది. నాలుగడుగులు వేశారో లేదో, అరుగు మీంచి ఒకావిడ, “అయ్యో, ఆయాసపడుతున్నారు, రండి, కూర్చోండి పిన్నిగారూ!” అంటూ కుర్చీ వేసి మజ్జిగ తెచ్చింది. పక్కింట్లో మళ్లీ కుర్చీ, మళ్లీ మజ్జిగ. చీకటిపడింది గానీ కాలవగట్టు రాలేదు.

“వద్దనొచ్చుగా అమ్మా?” అంది హెప్సిబా.

“ఎలాగమ్మా, నొచ్చుకోరూ?”

జబ్బుతో పోరాడొచ్చు, మర్యాదతో పోరాడేదెవరు? హెప్సిబా తనకిచ్చిన మజ్జిగ తాగుతూ దిగాలుపడింది. ఇంతలో కుంకుమభరిణె పట్టుకుని ఒకావిడ గృహప్రవేశానికి పిలవడానికొచ్చింది. కూర్చోమంటే, “ఇంకా చాలా ఇళ్లున్నాయండీ” అని చక్కా పోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

హెప్సిబా చివాల్న లేచింది.

“రేపట్నుంచి మీరూ భరిణె పట్టుకుని నడవండమ్మా!”

“పెళ్లికింకా చాలా రోజులున్నాయిగా?”

“ముందుగా చెబుతున్నానండి అనండి.”

వారం తిరక్కుండానే గోపీనాథ్ కొత్త సెల్‌ఫోన్లో విరుచుకుపడ్డాడు. “పిలిచినవాళ్లనే మళ్లీ పిలుస్తోందని ఊరంతా నవ్వుతోందండీ! తల కొట్టేసినట్టుంది నాకు.”

“నవ్వనీయండి. ఎవరైనా కూర్చోమంటున్నారా?”

“లేదండీ.”

“నాకు కావలసిందదే,” అని హెప్సిబా ఫోను పెట్టేసింది.

ఊరివాళ్లకు సంగతి అర్థమయ్యాక, “ఈ పూట ఎవరి పెళ్లి పిన్నిగారూ?” అని ఆటపట్టించేవారు. మంగతాయారు నవ్వుకుంటూ సాగిపోయేది. కొన్నాళ్లకు కాలవగట్టు చేరింది. ఇంకొన్నాళ్లకు వంతెన దాటింది.

పెళ్లి దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం కాలేజీ మూడో అంతస్తులో హెప్సిబా గది ముందు పట్టుచీర గరగరలాడింది. గుమ్మంలో మంగతాయారు, చేతిలో శుభలేఖ. గోపీనాథ్ ఇంకా కింది మెట్ల మీద రొప్పుతున్నాడు.

“ఊళ్లో పిలుపులన్నీ నేనే పిలిచానమ్మా. ఒక్క గడప వదల్లేదు.”

హెప్సిబా సంతోషంతో లేచి ఎదురెళ్లింది. ఎంత ప్రొఫెసరైనా ఈ గడ్డన పుట్టిన మనిషేగా, గభాలున కుర్చీ లాగింది.

“ఇన్ని మెట్లెక్కారు, ఆయాసపడుతున్నారు, కూర్చోండమ్మా!”

మంగతాయారు శుభలేఖ ఆమె చేతిలో పెట్టింది.

“కూర్చోకూడదమ్మా. ఏలూర్లో ఇంకా చాలా ఇళ్లున్నాయి.”