సందు వైపు కిటికీ

మార్కాపురం బజారులో మామగారు కాఫీ హోటల్ నడిపిన రాతిమిద్దె తన వాటాకు వచ్చినప్పుడే రామతులసమ్మ లెక్క వేసుకుంది. కొత్త హోటళ్ళన్నీ ఒకే తీరుగా మెరుస్తున్నాయి. వాటితో మెరుపులో పోటీకి దిగితే మిగిలేదేమీ ఉండదు. యాభైల నాటి హోటల్‌ను యాభైల నాటి తీరులోనే తెరిస్తే జనం వెతుక్కుంటూ వస్తారు.

ఒంగోలు నుంచి పిలిపించిన డిజైనర్ మాల్యాద్రి పని తెలిసినవాడు. టేకు దూలాలు కనబడాలని సీలింగ్ వద్దన్నాడు. నల్లటి పలకరాతి నేలను రుద్ది కడిగించాడు. పేము కుర్చీలు, పాలరాతి బల్లలు, గుండ్రటి నల్ల స్విచ్చులు వెతికి తెచ్చాడు. ఆమె దేనికీ అడ్డు చెప్పలేదు. చివరికి వెనక గోడలో సందులోకి తెరుచుకునే కిటికీని చూసి మురిసిపోయాడు.

"దీన్ని ఇట్లనే ఉంచుదామమ్మా. పార్సిల్ కౌంటర్‌కు బాగుంటాది."

"దళితవాడోళ్ళను లోపలికి రానియ్యక ఇక్కడ్నుంచే కాఫీ పోసేవాళ్ళు నాయనా. వాళ్ళ గ్లాసులు వేరే, బయట గూట్లో. తాగి, కడిగి, వాళ్ళే పెట్టిపోవాల. కింది గోడ తీసెయ్. వాకిలి కావాల."

మేస్త్రి దేవదానం గునపం అందుకున్నాడు. "ఈ కిటికీ మా ఇంట్లో అందరికీ తెలుసక్కా. లోపల ఎట్లుంటాదో ఒక్కరికీ తెల్దు."

కబురు తెలిసి బావగారు సీతారామాంజనేయులు ఊడిపడ్డాడు.

"యాభైల నాటిది ఉన్నదున్నట్టు ఉంటాదని నువ్వేగా అంటివి?"

"అన్నా. అంగట్లోకి పప్పు తెస్తే పుచ్చుగింజలు గూడా అమ్ముతామా బావగారూ? ఏరి పారేస్తాం."

"మా నాయన చేసింది పుచ్చా?"

"మామగారు మంచి కాఫీ పోసినాడు. ఈ కిటికీ పెట్టించింది గూడా ఆయనే. కాఫీ ఉంచుకుంటా, ఇది ఉంచను."

"అయితే మా నాయన పేరు బోర్డు మీద ఉండేదానికి లేదు!"

గునపం ఆగింది. మాల్యాద్రి ఆమె వైపు చూశాడు. రాచర్ల నుంచి, బేస్తవారిపేట నుంచి వచ్చే ముసలివాళ్ళు ఇప్పటికీ ఆ పేరే అడుగుతారు. బేరంలో సగం ఆ పేరు మీదే నడుస్తుంది. అది పోతే ఎంత నష్టమో ఆమెకు తెలియనిది కాదు.

"బోర్డు తీసుకుపోండి," అంది.

ఆమె బతిమాలుతుందనుకున్నాడు ఆయన. పట్టుదలకు పోయి ఆటో పిలిచాడు. కొత్తగా రాయించిన బోర్డు పొడుగు, ఎట్లా తిప్పినా లోపల పట్టలేదు. రామతులసమ్మే వచ్చి ఒక కొస ఎత్తి, అడ్డంగా పెట్టించి, తాడు బిగించింది.

"గుంతల్లో పదిలం బావగారూ, రంగు ఇంకా ఆరలేదు."

ఆటో మలుపు తిరగకముందే పెయింటర్‌కు ఫోన్ చేసింది.

"బోర్డులు రెండు కావాల. నా పేరు రాయి. ఒకటి బజారు వైపు, ఒకటి సందులోకి. రెండూ ఒకే సైజు."

"ఏందక్కా, ఆపమంటావా?" దేవదానం అడిగాడు.

"ఆపమని నేనన్నానా? కొట్టు."