మొక్కు కాని పరుగు

నేను పరిగెత్తేది మొక్కు కోసం కాదని తిరుపతిలో ఇంకా ఎంతమందికి చెప్పాలో నాకు తెలియదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. "అట్లనే తల్లీ, మొక్కు బయటికి సెప్పకూడదులే" అని నవ్వి వెళ్ళిపోతారు. నా మాట నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు.

నా పేరు పంకజవల్లి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నలభై దాటిన మనిషిని, జనవరిలో చెన్నైలో జరిగే మారథాన్‌కు పేరిచ్చాను. నలభై రెండు కిలోమీటర్ల పరుగు. సరదా పుట్టి కాదు, యోగానంద కోసం.

యోగానంద నా దగ్గర చదువుకున్నవాడు. పాకాల దగ్గర పల్లెలో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ముప్పై నిండకముందే రెండు కిడ్నీలూ పోయాయి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి తిరుపతి ఆస్పత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. వైద్యం ఉచితమని గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. ఆ వైద్యం దగ్గరికి ఎలా చేరాలో మాత్రం ఏ గోడ మీదా రాయలేదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అలాంటివాళ్ళు ఇంకో నలుగురున్నారు. మునికుమార్ అనే అతను తన వ్యానులో అందరినీ ఎక్కించుకొచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపేవాడు. డీజిలు ఖర్చు ఇస్తే చాలనేవాడు. పని చేయడానికి ఒంట్లో బలం లేనివాళ్ళు అదైనా ఎన్నాళ్ళిస్తారు? చివరికి వ్యాను ఆగిపోయింది. యోగానంద అప్పు చేసి తెచ్చిన డబ్బుతో అద్దె ఆటోలో వస్తున్నాడని విన్నాను.

నేను పరిగెత్తే ప్రతి కిలోమీటరుకూ మీకు తోచింది వ్యానుకు ఇవ్వండి అని కాగితాలు అచ్చు వేయించి పంచాను. ఇలా పరిగెత్తి చందాలు పోగుచేయడం ఎక్కడో చదివాను, బాగానే ఉందనిపించింది. మా స్టాఫ్ రూములో కాగితం చదివినవాళ్ళు చదివినట్టే మడిచి సొరుగులో పెట్టుకున్నారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పంపితే అందరూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. స్టేషను దగ్గర రెండు లాడ్జీలున్న బాలచంద్ర దగ్గరికి నేనే వెళ్ళాను. కాఫీ ఇప్పించాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీరు పరిగెత్తితే వాళ్ళకు కిడ్నీలు ఎట్ల బాగైతాయి మేడం?" అని పెద్దగా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. అయినా కాఫీ తాగి వచ్చేశాను, అది వృథా చేయడం ఎందుకని.

తెల్లవారకముందే లేచి, మేముండే బైరాగిపట్టెడ నుంచి కపిలతీర్థం మీదుగా అలిపిరి దాకా పరిగెత్తి, వెనక్కి వచ్చేదాన్ని. స్పోర్ట్స్ డేకి స్కూల్లో ఇచ్చిన టీషర్టు వేసుకునేదాన్ని. మా జట్టు రంగు పసుపు. ఆ పసుపే కొంప ముంచింది. ఒకరోజు కొత్త బూట్లు మడమలు కొరికి రక్తం వచ్చింది. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని వట్టి కాళ్ళతో ఇంటికి పరిగెత్తాను. పసుపు గుడ్డ, వట్టి కాళ్ళు, కొండ దారి. మిగతా కథ ఊరే అల్లుకుంది.

మర్నాడు అలిపిరి దగ్గర పూలమ్మే ఆమె నన్ను ఆపి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు చేతిలో పెట్టింది.

"కూతురికి కాన్పు దగ్గర పడింది. నీ ముడుపుతో బాటు నాదీ హుండీలో యెయ్యి తల్లీ."

"నేను కొండకు పోవడం లేదమ్మా. కిడ్నీ రోగుల వ్యాను కోసం పరిగెత్తతాండాను."

"ఏదో ఒకటి. నా బిడ్డ పేరు నిర్జల, మరిసిపోవద్దు" అని బేరం చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ కూతురికి కాన్పు సుఖంగా జరిగిందట. అంతే, నేను పరిగెత్తే దారి పొడుగునా జనం ముడుపులతో కాచుకోవడం మొదలుపెట్టారు. వద్దంటే మా ఇంటి గేటుకు కట్టిపోయేవారు. పేరూ గోత్రమూ చెప్పి మరీ ఇచ్చేవారు. కాగితం మడిచి సొరుగులో పెట్టిన మా స్టాఫ్ రూము వాళ్ళే, కొడుకు సీటు కోసమని ఒకరు, ట్రాన్స్‌ఫర్ కోసమని ఇంకొకరు తెచ్చారు. చేతులు జోడించిన బంధువులు ఈసారి ముడుపులు పంపారు. బాలచంద్ర స్వయంగా కారులో వచ్చి, చెప్పులు బయట విప్పి, లాయరు దగ్గర నలుగుతున్న ఏదో స్థలం కేసు కోసం రెండు చేతులా పట్టేంత మూట ఇచ్చాడు. వ్యాను కాగితం మళ్ళీ చూపించాను.

"అది ఇంకోసారి సూద్దాం మేడం. ఇది స్వామి పని" అన్నాడు.

నాకు దేవుడంటే కోపం లేదు. మాది తరతరాలుగా కోవెల కైంకర్యం చేసిన వంశం. కానీ బతికున్న మనిషి చేయి చాపితే లేవని చేతులు, ముడుపనగానే ఎలా లేస్తాయో చూసి కడుపు మండిపోయింది.

మా ఆయన పేరు శఠగోపం. దేవస్థానం ఆఫీసులో పనిచేస్తారు. నెమ్మది మనిషి. ఇంట్లోకి వచ్చిన ప్రతి ముడుపు మీదా ఇచ్చినవాళ్ళ పేరు రాసి, పూజగదిలో కొత్త బకెట్టులో పెట్టేవారు.

"వీటిని వ్యానుకు వాడదామని మాత్రం అనుకోవద్దు వల్లీ. ముడుపు కట్టినాక అది స్వామిది. విప్పే హక్కు మనకు లేదు" అన్నారు ఒకరోజు.

"ఒకరు ఒకటనుకోని ఇచ్చింది ఇంకోదానికి వాడేదాన్ని కాదు నేను. ఎవరిది వాళ్ళకే ఇచ్చేస్తాను."

"ఇచ్చేయడమూ తప్పే. కొండకు చేర్చాలి."

"మరి యోగానందను ఎవరు చేరుస్తారు?"

ఆయన పేరు రాయాల్సిన ఇంకో ముడుపు చేతిలోకి తీసుకున్నారు. దానిమీద నాకింకా కోపం వచ్చింది. ఎదురు చెప్పని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో, చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక సోమవారం పరుగు ముగించుకుని వచ్చేసరికి మా గేటు దగ్గర యోగానంద తల్లి నిర్మలమ్మ నిలబడి ఉంది. మొదటి బస్సుకు వచ్చినట్టుంది, తల దువ్వుకోలేదు. నేను చుట్టూ చూశాను.

"యోగి యాడ? ఆస్పత్రిలో దించి వచ్చినావా?"

"ఇంట్లో పండుకోని ఉండాడమ్మా. లేసేదానికి కాలేదు."

"ఈరోజు సోమవారం గదా. మరి గురువారం పోయినాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కొంగు ముడి విప్పి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు తీసి నా వైపు చాపింది. గుడ్డ ఇంకా తడిగా ఉంది, చేతికి పసుపు అంటింది.

"ఇది ఆటో బాడుగకు పెట్టుకున్న దుడ్డమ్మా. ఒక్కసారి పోయొస్తే అయిపోతాది. మళ్ళీ వారం యాడ తెచ్చేది? నువ్వు తీసకపోయిన ముడుపు వట్టిపోదని ఊరంతా సెప్తాండారు. స్వామి ఒక్కసారి సూస్తే ఇంక ఆస్పత్రి పనే ఉండదు. అందుకనే గురువారం పోకుండా కట్టేసినా."

వాడి కోసం నేను పరిగెత్తుతున్నాను. ఆ పరుగు చూసి వాడి తల్లి వాడి ఆటో డబ్బు ముడుపు కట్టింది. వాడక్కడ ఒళ్ళంతా నీరు పట్టి మంచం మీద ఉన్నాడు. ఎవరిని తిట్టాలి? ఈమెను తిట్టే నోరు నాకు లేదు. రెండు బస్సులు మారి వచ్చింది, కొడుకును బతికించుకోవడానికి ఆమెకు ఇంకే దారీ ఎవరూ చూపలేదు.

నేను అక్కడే గేటు దగ్గర నిలబడి ముడుపు విప్పేశాను.

నిర్మలమ్మ నా చేయి పట్టుకుంది. "విప్పొద్దు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా. నా బిడ్డకు కీడు జరుగుతాది."

"జరిగితే నాకే జరగనీ" అన్నాను.

ఎదురింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మా ఆయన వసారాలో నిలబడి చూస్తున్నారు. వద్దంటారనుకున్నాను, అనలేదు. మునికుమార్‌కు ఫోన్ చేసి, డీజిలుకు డబ్బు నా దగ్గర ఉంది, వెంటనే వ్యాను తీయమన్నాను.

"ఒక్క యోగానందనేనా, అందర్నీ ఎక్కించుకోనా మేడం?" అని అడిగాడు.

"అందర్నీ ఎక్కించుకో."

స్కూలుకు సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళాను. యోగానందను ఇద్దరు పట్టుకుని దింపారు. ముఖం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఈలలా వస్తోంది. డాక్టరు నిర్మలమ్మ మీద కేకలేశాడు. ఇంకో పూట ఆలస్యమైతే చేతికి దక్కేవాడు కాదనీ, ఎన్నిసార్లు చెప్పినా మీకు బుద్ధి రాదనీ అన్నాడు. బుద్ధికి కాదు డాక్టరుగారూ, బండికి కరువు అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి యోగానంద కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. నిర్మలమ్మ వాడికి నీళ్ళు పట్టించి, నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

అలసిపోయి ఇంటికి వచ్చేసరికి గేటు ముందు స్కూటర్లు, మోటారు సైకిళ్ళు. ఎవరిదో ముడుపు విప్పేశానని, అందరివీ ఇలాగే విప్పుతున్నానని కబురు ఊరంతా పాకింది. వ్యాను కోసం నెలల తరబడి అడిగినా గడప తొక్కని మనుషులు, ఒక్క పూటలో మా వీధి వెతుక్కుంటూ వచ్చారు. తమ ముడుపుల ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని మరీ వెనక్కి తీసుకున్నారు. పిల్లలకు నీతులు చెప్పే మా సీనియర్ టీచరు కూడా వాళ్ళలో ఉంది. మా ఆయన పేరు చదివి ఇస్తుంటే, తీసుకుని అందించాను.

అందరికంటే చివర బాలచంద్ర వచ్చాడు. మూట చేతిలో తూచి చూసుకుని కారులో పెట్టుకున్నాడు. మర్యాదకు అడిగాడు.

"ఆ అబ్బాయికి ఎట్ల ఉండాది మేడం?"

"ఈపొద్దుకు బతికినాడు. గురువారం మళ్ళీ రావల్ల. వ్యానుకు డీజిలు లేదు."

బాలచంద్ర కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. "స్వామి ఉండాడు, అన్నీ ఆయనే సూసుకుంటాడు" అని కారెక్కాడు.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన గేటు దాటి వెళ్ళి కారు ముందు నిలబడ్డారు. పంచెకట్టు, నుదుట నామం, చేతిలో ఖాళీ బకెట్టు. బాలచంద్ర అద్దం దించాడు.

"ఏం స్వామీ?"

"ముడుపు స్వామిదప్పా, నేను కాదనను" అన్నారు మా ఆయన. "కారు నీది గదా. దాన్ని నువ్వు పసుపు గుడ్డలో కట్టలేదు. గురువారం పాకాలకు పంపించు."

"డ్రైవరు లీవులో ఉండాడు స్వామీ."

"నువ్వు తోలుకోని రా. తోలి ఇక్కడిదాకా వచ్చినావు గదా, ముడుపు కోసం."

బాలచంద్ర హారన్ కొట్టాడు. మా ఆయన కదల్లేదు. వీధిలో మిగిలినవాళ్ళు వీడియో తీయడానికి సెల్‌ఫోన్లు పైకెత్తారు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఇంకోసారి హారన్ మోగింది. ఆ తర్వాత బాలచంద్ర ఇంజను ఆపి, "ఎన్ని గంటలకు?" అన్నాడు.

గురువారం పొద్దున మాట తప్పుతాడేమోనని నేనే ముందు సీటులో కూర్చుని పాకాల దాకా వెళ్ళాను. మిగతా నలుగురిలో ముగ్గురు ఆ రోజు బస్సుల్లో నిలబడి వచ్చారు, ఒకరు రానేలేదు. చెన్నై పరుగు ఇంకా ముందుంది. వ్యాను పేరు మీద నాకు అందింది మాత్రం ఏమీ లేదు.

నిర్మలమ్మ వాకిట్లో కారు చూడగానే తిరుమల వైపు తిరిగి చేతులెత్తి మొక్కింది.

"సూసినావా తల్లీ. నువ్వు విప్పినా స్వామి మరిసిపోలేదు. కారు పంపించినాడు."

బాలచంద్ర అది విని, నిజంగా స్వామి పంపితేనే వచ్చినవాడిలా తల వంచి నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పంపింది స్వామి కాదమ్మా, మా ఆయన రోడ్డు మీద అడ్డం నిలబడితే వచ్చింది అని చెబుదామనుకున్నాను. కానీ కొడుకు చేయి పట్టుకుని కారెక్కిస్తున్న ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

యోగానంద వెనక సీటులో సర్దుకుని కూర్చున్నాడు. సోమవారం మా వీధిలో జరిగింది మునికుమార్ వాడికి చెప్పినట్టుంది. కారు కదిలాక ముందుకు వంగి, తల్లికి వినపడకుండా అడిగాడు.

"మేడం, వచ్చే సోమవారం ఎవరి కారుకు అడ్డం నిలబడతారు?"