నాలో లేని వారం

నేను ఒక క్షుద్ర నవలను. అయితే పుస్తకంగా పుట్టలేదు. వారపత్రికలో ధారావాహికగా అచ్చయి, ఒక పాఠకురాలి కత్తెరకు విడివడి, సామర్లకోటలో ఒక బైండరు సూదికి ఒక్కటై, అట్ట తొడుక్కున్నాను. అట్టకు అంటించినది పాత క్యాలెండరు కాగితం. లోపల పుర్రెలు, పైన గులాబీలు. మనుషుల అభిరుచి మీద నాకు తొలి అనుమానం అప్పుడే కలిగింది.

నాలోని పిశాచం సీసపు అక్షరాల సంతానం. ఒకచోట దాని పేరే తప్పుగా పడింది. దెయ్యాలు లేవని నాకు తెలిసినంత నిశ్చయంగా మరెవరికీ తెలియదు. అయినా నా వంశం పెద్దది. కందులు విసురుతూ ఆడవాళ్లు చెప్పుకున్న కొరివిదెయ్యాల కథలు నా ముత్తవ్వలు. తరవాత బడ్డీకొట్లలో వేలాడిన చవక పుస్తకాలు వచ్చాయి. పిశాచాలు శ్మశానం విడిచి పట్నపు మేడల్లో కాపురం పెట్టిన వారపత్రికల కాలంలో నేను వచ్చాను. చోటు మారింది గాని, భయపడుతూ పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే అలవాటు మారలేదు. బహుశా జనం మా దగ్గరికి వచ్చేది ఆ చెయ్యి కోసమే.

పక్కపక్క రైల్వే క్వార్టర్లలో ఉండే నాగరత్నం, హైమవతి సగం సగం వేసుకుని ఆ పత్రిక కొనేవారు. ఇద్దరి భర్తలూ గూడ్సు గార్డులు. పెద్దది గనక ముందు చదివే హక్కు నాగరత్నానిది. కత్తిరించి దాచుకునే హక్కు హైమవతిది. మధ్యాహ్నం వేళ గుమ్మంలో కూర్చుని ఇద్దరూ మళ్లీ కలిసి చదివేవారు.

"నువ్వు ముందే చదివేశావు గదక్కా, మళ్లీ ఆ కేకలేంటి?"

"ముందు ఒక్కదాన్నే భయపడ్డానే. సరిగ్గా కుదర్లేదు."

నా కథలో ఒక ఉయ్యాల, అందులో ఒక పసిపాప. పిశాచం చూపు ఆ పాప మీద పడటంతో ఒక వారం భాగం ముగిసింది. అప్పుడే హైమవతి తొలి కాన్పుకు ఆసుపత్రికి వెళ్లి, ఒట్టి చేతులతో తిరిగివచ్చింది. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి నోరు విప్పి అడిగిన మొదటి మాట నా గురించే.

"ఆ తరవాతి వారం పత్రికేదక్కా? పాపేమైంది?"

"పాలు పొంగి తడిసిపోతే పారేశానే." నాగరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏమవుద్ది? వాళ్లమ్మమ్మ వచ్చింది. చీపురు తిరగేసి, ఏంటే నీ వేషాలని ఆ దెయ్యాన్ని దులిపేసి, పాపని చంకనేసుకుని వాళ్లూరు పట్టుకుపోయింది."

"చీపురుతోనా?"

"మరి? ముసల్దంటే ఏమనుకున్నావ్!"

హైమవతి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

తరవాతి వారాల్లో పాప ఊసే రాలేదు. పాత్రలను రచయితలు మరిచిపోవడం మా ధారావాహికల్లో మామూలే గనక ఎవరూ శంకించలేదు. ఆ ఖాళీతోనే నన్ను కుట్టారు.

ఏళ్లు గడిచాయి. టీవీ వచ్చి మా దెయ్యాలకు రంగులు పూసింది. తల నెరిసిన హైమవతికి కాకినాడ పేవ్‌మెంటు మీద, పాత పుస్తకాల గుట్టలో నాలో లేని ఆ వారం సంచిక దొరికింది. ఇంటికి తెచ్చి నా మీదే పరిచి చదివింది. పిశాచం ఉయ్యాలను చేరింది. అమ్మమ్మ లేదు. చీపురు లేదు. చివరి వాక్యానికి పాప కూడా లేదు.

ఆనాడు పాలు పొంగలేదని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

నన్ను విప్పి ఆ పుటలు చేర్చి మళ్లీ కుట్టించవచ్చు. కచ్చితత్వం ఇష్టపడే నేను అదే ఆశించాను. హైమవతి మాత్రం ఆ సంచికను పాతపేపర్ల కట్టలో పెట్టి, నన్ను తీసుకుని నాగరత్నం ఇంటికి వెళ్లింది. నాగరత్నానికి అప్పటికే చూపు బాగా తగ్గిపోయింది.

"అక్కా, ఆ పాపకేమైందో ఇంకోసారి చెప్పవా?"

నాగరత్నం జరిగి పక్కన చోటిచ్చింది. తరవాత చెప్పింది: అదే అమ్మమ్మ, అదే చీపురు. పిశాచం ఉయ్యాల దగ్గరికి రాగానే హైమవతి పూర్వంలాగే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పాప ఇప్పుడెలా ఉంటదంటావ్?"

"ఎలా ఉంటది? ఈపాటికి పిల్లల తల్లై ఉంటది. అంతా అమ్మమ్మ పోలికే. నోరెక్కువ."

ఇప్పుడు నేను నాగరత్నం తలగడ పక్కన ఉంటున్నాను. దెయ్యాలు లేవని నేటికీ అంటాను. ఆ పిల్ల సంగతిలో మాత్రం ఎవరితోనూ వాదించను.