లోపలి మడత

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అక్క నాకు రోజూ చెబుతుంది. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి మా బావ కుట్టుకొట్టు ఉన్న వీధి మొత్తానికి తెలుసు. కానీ నా కత్తెర మంచిది. బడిపిల్లల యూనిఫారాలు కోసేది నేను, మిషను మీద కుట్టేది అక్క, గల్లాపెట్టె దగ్గర కూర్చుని నిట్టూర్చేది బావ.

ఆ రోజు పొద్దున బల్ల మీద నీలం గుడ్డ పరిచి, గౌను కొలత అట్ట పెట్టి సుద్దతో గీయబోయాను. ఏదో తేడా కొట్టింది. అట్ట అడుగు అంచు కొత్తగా తెగి తెల్లగా ఉంది. నాలుగు వేళ్ల వెడల్పు మాయం.

ఆ నాలుగు వేళ్లే గౌను అడుగున లోపలికి మడిచి కుట్టే గుడ్డ. పిల్ల ఎదిగాక ఆ కుట్టు విప్పి కిందికి దించుకుంటారు. ఒక్క గౌను రెండేళ్లు వస్తుంది. మా కొట్టుకు పేరొచ్చిందే ఆ మడత వల్ల.

"బావా, ఈ అట్టను ఎలుక కొరికిందా?" అన్నాను.

ఎలుక కాదు, తనే కోశానన్నాడు. గుడ్డ ధర పెరిగిందట, దారం పెరిగిందట, కరెంటు బిల్లు ముట్టుకుంటేనే షాకు కొడుతోందట. పక్క వీధి రెడీమేడ్ కొట్టువాడేమో పాత ధరకే అమ్ముతున్నాడు. మనం పెంచితే జనం అటు పోతారు, మడత తీసేస్తే మాత్రం ఎవరికీ తెలియదు, గౌను తిరగేసి చూసే తీరిక ఎవరికుంది అన్నాడు.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదా. ఆర్నెల్లకే పిల్ల మోకాళ్లు బయటపడితే వాళ్లమ్మ మళ్లీ కొనాలి, ఇది ధర పెంచడం కంటే పెద్ద దొంగతనం అన్నాను. ఆ అట్టతో కోయనని సుద్ద బల్ల మీద పడేశాను.

"నువ్వు కోయకపోతే కోసేవాళ్లని తెచ్చుకుంటా," అన్నాడు బావ. నవ్వుతూ అనలేదు.

అక్క మిషను ఆగింది, మళ్లీ నడిచింది. నా ఇంటి అద్దె, నా పొయ్యి, అన్నీ ఈ బల్ల మీదే ఆధారపడ్డాయి. భయం వేయలేదంటే అబద్ధం. అయినా సుద్ద ముట్టుకోలేదు.

అప్పుడే వచ్చింది కూరలబండి వదిన. వీధందరికీ ఆవిడ వదినే. పెద్దమ్మాయి పోయినేటి గౌను దించి ఇమ్మంది, ఈ ఏడు బడిలో చేరే చిన్నదానికి కొత్తవి రెండు కుట్టమంది.

బావ కళ్లముందే పాత గౌను అంచు విప్పాను. పైన గుడ్డ వెలిసి బూడిదరంగుకు తిరిగింది. మడతలోంచి దిగిన పట్టీ మాత్రం కొన్ననాటి నీలంతో ఉంది.

"వదినా, చిన్నదానికి ఈ మడత లేకుండా పాత ధరకు కుట్టమంటావా, మడతతో ధర పెంచి కుట్టమంటావా?"

బావ నావైపు చూసిన చూపుకు గుడ్డ అంటుకోవాలి. వదిన ముందు నన్నే దులిపేసింది. అందరూ పెంచేవాళ్లే, మీరొక్కరు తక్కువయ్యారు అంది. మరి నీ వంకాయలెందుకు పెంచావని అడిగాను. లారీ కిరాయి పెరిగిందంది. లారీవాడేమో డీజిలు పెరిగింది, పిల్లల ఖర్చులు పెరిగాయి అన్నాడట. ఒకరి ధర ఇంకొకరికి ఖర్చు, ఆ ఖర్చే మళ్లీ మరొకరి ధర. మొదలెక్కడో మాలో ఎవరికీ తెలియదు, చివర మాత్రం ఎప్పుడూ మా మెడకే చుట్టుకుంటుంది.

వదిన కాసేపు ఆ నీలం పట్టీని వేళ్లతో నిమిరింది.

"నేను ధర మొహం మీదే చెప్పి తిట్లు తింటున్నా. తూకంలో కోయడం లేదు కదా. మీరూ తినండి," అంది. "మడతతోనే కుట్టు. కానీ రెండు కాదు, ఒక్కటే."

ఆవిడ వెళ్లాక బావ చెయ్యి ఊపి, ఒక గౌను పోయిందిగా అన్నాడు. గౌను పోయింది, మనిషి పోలేదుగా అన్నాను. సుద్ద తీసుకుని గుమ్మం పక్క పలక మీద కొత్త ధర పెద్దగా రాశాను. దాని కింద, లోపల నాలుగు వేళ్ల మడత ఉంది, తిరగేసి చూసుకోండి అని రాశాను.

మధ్యాహ్నానికి ఇద్దరు ఆ పలక చదివి పక్క వీధికి నడిచారు. ఒకావిడ ముందే కుట్టి గుమ్మంలో వేలాడదీసిన గౌను తిరగేసి, వేళ్లతో కొలిచి, సణుక్కుంటూనే కొంది. బావ తడిగుడ్డ పట్టుకుని పలక దాకా వెళ్లాడు, తుడవకుండానే తిరిగొచ్చాడు.

"సరే, నీ మాటే నెగ్గింది. కొత్త అట్ట గీసుకుని కోయి," అన్నాడు.

"కోస్తా. ముందు ఇంకో సంగతి బావా. నా కూలి రెండేళ్లుగా అంతే ఉంది. పైకి అదే అంకె. ఆ డబ్బుకు అప్పుడొచ్చిన సరుకులు ఇప్పుడొస్తున్నాయా? నా మడత నువ్వెప్పుడో కోసేశావు."

అక్క మిషను ఆగింది. ఈసారి మళ్లీ నడవలేదు.

"దానికి మడతే పోయింది," అంది అక్క, సూదిలో దారం తెంపుతూ. "పెళ్లయిన నాటి నుంచి కుడుతున్నా, నాకు అసలు గుడ్డే ఇవ్వలేదు. నా కూలెంతో ముందు అది చెప్పు."