చిల్లులు లేని ఇల్లు

మా ఇంటి గోడల్లో గాలి దూరే సందులు పదకొండు. ఏది ఎక్కడుందో మా అమ్మకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆమె ఉబ్బసం ఒక్కోదాన్నీ వెతికి పట్టుకుంది. పోయిన చలికాలం రెండుసార్లు ఆస్పత్రికి మోసుకుపోయాం. ఇంకో చలికాలం ఈ గాలిలోనే గడిపితే తాను ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు.

చలి ఆపే మరమ్మతులకు పల్లెల్లో ప్రభుత్వం అప్పిస్తుందని వడ్రంగి చెప్పాడు. గోడలకు లోపల ఇంకో పొర, కిటికీలకు కొత్త రెక్కలు వేస్తే కట్టెలు సగం మిగులుతాయట. కాగితాల కోసం ఏడు నెలలు తిరిగాను. సంతకం ఉంటే ఫొటో లేదన్నారు. ఫొటో తెస్తే సంతకం పాతదన్నారు. చివరికి, ఆఫీసు మనిషొచ్చి ఇంట్లోకి గాలి ఎంత దూరుతుందో చూసి రాస్తాడన్నారు.

ఆయన వచ్చిన రోజు రంపపు మిల్లులో సగం పూట సెలవు పెట్టాను. ఆయన సంచిలోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి కిటికీ పక్కన పట్టుకున్నాడు. మంట నిటారుగా నిలబడింది. మూలకు పోయాడు, తలుపు కిందికి వంగాడు. ఎక్కడా వణకలేదు. ఇల్లు బాగుంది, అప్పు రాదు, ఏడాది పోయాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి అన్నాడు.

నా భార్య పోయి అమ్మ మంచం వెనక గోడను తడిమింది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. దాని వెనక పాత చీర పేలికలు.

"పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు చేశారు గదా అత్తయ్యా" అంది.

రెండు రోజులుగా, మేం పనికి పోయాక, అమ్మ ఒక్కతే పీట ఎక్కుతూ దిగుతూ అన్నీ కూరిందట. ఆరితే ఆ మట్టి రాలిపోతుందని ఆమెకూ తెలుసు.

"పరాయి మనిషొస్తుంటే చిల్లుల కొంప చూపించమంటావా? మీ మామ కట్టిన ఇల్లు" అంది అమ్మ.

ఇల్లు ఆమె పేరున ఉంది కాబట్టి ఆమె చెబితేనే మళ్ళీ చూస్తానన్నాడు ఆయన, పెన్ను జేబులో పెట్టుకుంటూ. నేను అమ్మను అడగలేదు. ఆమె ఊపిరి ఈల వేస్తోంది. అమ్మ లేచి, మంచం వెనక పేలికను తనే పీకింది.

"చూసుకో నాయనా. ఇది మొదటిది."

పదకొండూ తనే పీకి చూపించింది, ఆయన మొహం చూడకుండా. ఆయన పాత రాత కొట్టేసి కొత్తది రాశాడు. పోతూ పోతూ, డబ్బు వచ్చేముందు ఇంకో అధికారి వచ్చి సరిచూస్తాడని, అంతదాకా సందులు మూయొద్దని చెప్పాడు. ఎప్పుడొస్తాడంటే ఆయనకూ తెలియదు.

సాయంత్రానికి ఇల్లు వీధిలా చల్లబడింది. మంచం పొయ్యి పక్కకు జరుపుతానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"అక్కడికి వాకిలి కనపడదురా. మీరు పనిలో ఉన్నప్పుడు ఆ రెండో అధికారి వచ్చి పిలిస్తే ఎవరు పలుకుతారు?" అని, రెండు దుప్పట్లు కప్పుకుని తలుపుకేసి తిరిగి కూర్చుంది.