చేతులకు చెప్పులు

సినిమాలో హీరోయిన్ మెట్లు దిగుతుంటే వినిపించే టకటకలు ఆమెవి కావు. షూటింగులో జనం గోల, ఫ్యాన్ల మోత మధ్య ఆ చప్పుడు సరిగ్గా పడదు. అందుకని తరవాత స్టూడియోలో తెర మీద బొమ్మ చూస్తూ వేరేవాళ్లు అడుగులు వేస్తారు. వాటిని రికార్డు చేసి బొమ్మకి అతికిస్తారు. ఆ వేరేవాళ్లలో నేనొకదాన్ని. పోలియోతో సన్నబడ్డ కాళ్లు, రెండు చంకకర్రలు ఉన్న మనిషికి అడుగులు వేసే ఉద్యోగమేమిటని నవ్వొస్తే నవ్వుకోండి. మా చుట్టాలంతా నవ్వాకే మీ వంతు.

నన్ను ఈ పనిలోకి లాగింది మా మాస్టారు. సౌండులో తలపండిన మనిషి. కర్ర పట్టుకుని కాలీడ్చే వాచ్‌మన్ పాత్రకి అసలైన నడక కోసం వెతుకుతూ, ఎడిటింగ్ నేర్చుకుందామని వచ్చిన నన్ను వరండాలో పట్టేశారు. చూసి కాదు, విని. ఆ రోజు సంతోషంతో గంతులేశాను, మనసులోనే లెండి. అసలు సంగతి తరవాత మొదలైంది. కాలు విరిగిన విలన్, తూలుకుంటూ ఇంటికొచ్చే తాగుబోతు, ఈడ్చుకుంటూ వచ్చే దెయ్యం, అందరూ నా నెత్తినే. ఎన్ని దెయ్యాలకు నడక నేర్పానో గాని, తిన్నగా నడిచే మనిషి ఒక్కరూ నా వాటాకి రాలేదు. ఒళ్లు మండిపోయేది.

"మాస్టారూ, హీరోయిన్ అడుగులు నాకివ్వండి," అని ఒకరోజు అడిగేశాను.

"నీకెందుకమ్మా ఆ కష్టం? నీ దారిలో నిన్ను మించినవాళ్లు లేరుగా."

"నా దారంటే దెయ్యాల దారేనా?"

ఆయన నవ్వేసి మాట మార్చారు. నేను మాత్రం మార్చదలచుకోలేదు. ఇంటికెళ్లి, వాకిట్లో ఉన్న అమ్మ చెప్పులు పట్టుకెళ్లి నా గదిలో తలుపేసుకున్నాను. వాటిని చేతులకు తొడుక్కుని నేల మీద కూర్చుని నడిపించాను. మొదట్లో గుర్రం వచ్చినట్టుండేది. రోజూ అదే పని పెట్టుకున్నాక మెల్లమెల్లగా మనిషి నడక వచ్చింది.

మా ఇంట్లో ఎవరు వస్తున్నారో తలెత్తి చూడక్కర్లేదు, చప్పుడే చెబుతుంది. ఒక సాయంత్రం నాన్న తలుపు కొట్టాడు.

"ఎవరే లోపల?"

"ఎవరూ లేరు నాన్నా."

"నాకేమన్నా చెవుడా? ఎవరో అమ్మాయి ఇందాకట్నించీ అటూ ఇటూ తిరుగుతోంది. పాపం, టీ తాగుతుందేమో అడగవేం?"

తలుపు తీశాను. నాన్న గదంతా కలయజూశాడు, వంగి మంచం కింద కూడా చూశాడు. నేను చేతులకున్న చెప్పులు ఆడించి చూపించాను. ఆయన వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, నీ చెప్పులు దొరికాయి!" అని కేకేశాడు.

కన్నతండ్రినే బోల్తా కొట్టించానని చెబితే మాస్టారు మెత్తబడ్డారు. "సరే, ఒక్క సీను. డైరెక్టరమ్మ వచ్చి వింటారు. ఆవిడ వద్దంటే మళ్లీ ఈ ఊసెత్తకూడదు," అన్నారు. ఎత్తనన్నాను. ఇది చేజారితే ఇక నా బతుకంతా దెయ్యాలతోనే.

సీనులో ఒకమ్మాయి చెక్కమెట్లు దిగి, వీధిలో పరిగెత్తి, కదులుతున్న బస్సు అందుకోవాలి. స్టూలు మీద కూర్చుని, ముందున్న చెక్కపలక మీద చెప్పులు ఆడించాను. అడుగుకి అడుగు కలిసింది. డైరెక్టరమ్మ మాత్రం పెదవి విరిచింది.

"బాగానే కలిసిందమ్మా. కానీ బరువేదీ? ఉత్త చెప్పులు పరిగెడుతున్నాయి, వాటిలో మనిషి లేదు."

"పోనీలేమ్మా," అన్నారు మాస్టారు జాలిగా.

"పోనీలే అనకండి!" అని కస్సుమన్నాను. కానీ ఆవిడన్నది నిజం. మణికట్టుతో కొడుతున్నాను తప్ప ఒంటి బరువు వెయ్యడంలేదు. అప్పుడు తట్టింది. ఇంత మొద్దునేమిటా అని నా మీద నాకే కోపమొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను మోస్తున్నవి ఈ చేతులే కదా! కర్రల మీద నేను నడిచేదంతా వీటితోనే కదా!

స్టూలు పక్కకు తోసి మోకాళ్ల మీదకు దిగాను. పలక మీదకు వంగి, ఒంటి బరువంతా భుజాల్లోంచి అరచేతుల్లోకి వదిలాను. "మళ్లీ వెయ్యండి మాస్టారూ."

తెర మీద ఆ అమ్మాయి పరిగెత్తింది, నేనూ పరిగెత్తాను. మెట్లు అయ్యాయి, పక్కనే ఉన్న సిమెంటు పలక మీదకు దూకాను, వీధి వచ్చింది. చెమట కళ్లలోకి కారుతోంది, భుజాలు లాగేస్తున్నాయి, నాకు నవ్వాగడంలేదు. దేని వెనకైనా నేను పరిగెత్తడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. పైగా బస్సు అందింది కూడా. చెప్పొద్దూ, అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

"ఎక్కేసింది!" అంది డైరెక్టరమ్మ చప్పట్లు కొడుతూ. "సినిమా అంతా ఈ అమ్మాయే నడవాలి."

"మరి నా దెయ్యాల సంగతి?" అన్నారు మాస్టారు.

"మీరు నడవండి," అన్నాను.

సినిమా విడుదలయ్యాక అమ్మనీ నాన్ననీ హాలుకి తీసుకెళ్లాను. నాన్న అటుపక్క కూర్చున్నవాళ్లకీ ఇటుపక్కవాళ్లకీ, "ఆ నడక మా అమ్మాయిదండీ," అని ముందే చాటేశాడు. అమ్మ మాత్రం కళ్లప్పగించి తెరకేసి చూస్తోంది. ఆ సీను వచ్చింది. తలుపు తెరుచుకుంది, చెక్కమెట్ల మీద అడుగులు దడదడమంటూ దిగాయి. అమ్మ సీట్లోంచి ముందుకు వంగి, హాలంతా వినబడేలా అరిచింది.

"అలా పరిగెత్తకే, పడతావు!"

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. అమ్మ నాలిక కరుచుకుని నా చెయ్యి పట్టుకుంది. పిల్లల్ని కన్న ప్రతి తల్లీ రోజూ అరిచే మాటే అది. మా అమ్మకి మాత్రం ఇన్నేళ్లలో నాతో అనే అవకాశం ఎప్పుడూ రాలేదు.